పిల్లలకి డైనోసార్ల కాలం చూపించాలంటే: హైదరాబాదా, ఎగ్జిబిషనా, మన స్కూల్ వరండాయేనా?

దసరా సెలవులు అయిపోగానే స్కూల్ వాట్సాప్ గ్రూపుల్లో ఎక్స్‌కర్షన్ గోల మొదలవుద్ది. ఈసారి పాపికొండలు వద్దండి, సైన్సుకి పనికొచ్చేది ఏదైనా చూపిద్దాం అని ఎవరో ఒకరు అంటారు, ఇంకొకరు డైనోసార్ ఫొటో పెడతారు, ఇక అక్కణ్ణుంచి "రాజమండ్రిలో లేదా మాస్టారూ", "హైదరాబాద్ అయితే మనిషికి ఎంతవుద్దండి", "మొన్న ఎగ్జిబిషన్లో తలకాయలు ఊపేవి వచ్చాయి కదా, అవి సరిపోవా" అని మెసేజ్ మీద మెసేజ్. నేను కోనసీమలో హైస్కూల్ పిల్లలకి బయాలజీ చెప్తాను కాబట్టి ఈ ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తాయి, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసేస్తున్నా.

నా లెక్క ముందే చెప్పేస్తా. డైనోసార్ ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి ఎంచుకోకండి. అక్కడ పిల్లోడి చేతికి పని ఉందా, "ఇది మీకెలా తెలిసింది" అని వాడు ఎదురు అడిగే సందు ఉందా, ఈ రెండే చూడండి. ఇలా చూస్తే ఖరీదైనది ముందు వరసలోకి రావాలనేం లేదు, కొన్నిసార్లు పైసా ఖర్చు లేనిదే ముందు నిలబడుద్ది.

అసలు మన కాళ్ల కింద ఏముంది

మన డెల్టాలో డైనోసార్ ఎముక దొరకదండి, చెరువు తవ్వినా, పునాది తీసినా. ఈ నేల వయసు మరీ తక్కువ. మంచుయుగం అయిపోయి, సముద్రం పైకొచ్చి ఒక మట్టానికి ఆగాక, అంటే గత ఆరేడు వేల ఏళ్లలో గోదారి తెచ్చిపోసిన ఒండ్రు మీదే మన వరిచేలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు అన్నీ నిలబడ్డాయి. ఊళ్లో బోరు వేసేటప్పుడు నిలబడి చూడండి, ఇసక వస్తుంది, బంకమట్టి వస్తుంది, మళ్లీ ఇసక, ఒక్కోచోట గుల్లలు, అంతే. ఆ గుల్లలు కూడా నిన్నమొన్నటివే లెక్క.

కానీ రాజమండ్రి చేరేసరికి కథ మారిపోద్ది, ఇది మాత్రం చాలామంది టీచర్లే పిల్లలకి చెప్పరు. కాతేరు దగ్గర, అవతలి గట్టున పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం వైపు నల్లరాయి క్వారీలు ఉన్నాయి కదా, మన ఇళ్ల శ్లాబుల్లోకి, రోడ్లలోకి నల్ల కంకర వచ్చే చోటు, ఆ నల్లరాయి అంతా ఒకప్పటి లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు నేల పగిలి పొంగిన లావా నదీ లోయల వెంబడి దాదాపు 1000 కిలోమీటర్లు పారి మన రాజమండ్రి దాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు, భూమ్మీద మనకి తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవే అయ్యుండొచ్చు అని కూడా రాశారు. డైనోసార్లు పోయిన కాలమూ సరిగ్గా అదే. ఆ లావా పొరల మధ్యలో సున్నపురాయి పొరలున్నాయి, వాటిలో సముద్రపు గుల్లలు, కంటికి ఆనని ఫొరామినిఫెరా అనే జీవుల పెంకులు ఉన్నాయి. 1860లోనే స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ ఇక్కడి శిలాజ గుల్లల గురించి రాసి అచ్చు వేయించాడు, 2008లో గెర్టా కెల్లర్ అనే భూగర్భ శాస్త్రవేత్త బృందం ఇవే క్వారీల పెంకుల్ని చూసి, లావా ప్రధానంగా పొంగిన దశ డైనోసార్ల అంతానికి దగ్గర్లోనే ముగిసిందని వాదించింది. అమెరికా నుంచి వచ్చి చూసుకున్నారండి, మనం ఆ పక్కనుంచే బస్సులో కునుకు తీస్తూ వెళ్తాం.

కాబట్టి మొదటి మ్యూజియం వస్తువు మీ వీధిలో ఇల్లు కట్టే చోట కంకర కుప్పలోనే ఉంది. ఒక ముక్క కడిగి పిల్లల చేతికివ్వండి. కొన్ని ముక్కల్లో చిన్న చిన్న చిల్లులు, వాటిలో తెల్లటి గింజలు కనపడతాయి, లావా చల్లారేటప్పుడు లోపల చిక్కుకున్న గాలి బుడగలవి, తర్వాత ఎప్పుడో తెల్ల ఖనిజం వచ్చి నిండింది. నల్లరాయిలో శిలాజాలు ఉండవు, అది నిప్పు కదా, శిలాజాలు ఉండేది మధ్య పొరల్లో అని అప్పుడే చెప్పేయండి, లేకపోతే సుత్తులు పట్టుకుని కుప్ప మీద పడతారు, మేస్త్రి మన మీద పడతాడు.

క్వారీకి తీసుకెళ్తే పోలా అని అడుగుతారు, వద్దు. బ్లాస్టింగ్ ఉంటుంది, టిప్పర్లు తిరుగుతుంటాయి, గోడలు ఎప్పుడు జారతాయో తెలీదు, పిల్లల్ని తీసుకెళ్లే చోటు కాదు. దీనికి బదులు ఇంకో దారి ఉంది, మన జిల్లాల్లో ఓఎన్‌జీసీ రిగ్గులకి కొదవ లేదు కదా, మీ స్కూల్లో ఆ కంపెనీలో పనిచేసే నాన్నో, బాబాయో ఉంటే ఒక పూట పిలిచి మాట్లాడించండి. మన మెత్తటి ఒండ్రు కింద కిలోమీటర్ల లోతు పాత పొరలున్నాయి, చమురు వెతికేవాళ్లు ఆ పొర ఏ కాలందో తెలుసుకోవడానికి చూసేది కూడా ఈ సూక్ష్మ శిలాజాల్నే. శిలాజం అంటే గ్లాసు పెట్టెలో పెట్టే వింత వస్తువు కాదు, ఉద్యోగం చేసే వస్తువు అని పిల్లలకి తెలుస్తుంది.

హైదరాబాద్ బిర్లా మ్యూజియం: ఎవరికి, ఎప్పుడు

నిజమైన డైనోసార్ ఎముకలు నిలబెట్టి ఉన్నవాటిలో మనకి దగ్గర్లోది ఇదే. నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిర్ పక్కన ప్లానెటేరియం, సైన్స్ మ్యూజియం, వాటితో పాటు 2000లో పెట్టిన డైనోసారియం. అందులో ఉన్నది కోటాసారస్. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లు తవ్వి తీసింది, 1988లో అక్కడి శాస్త్రవేత్త యాదగిరి గారు దానికి పేరు పెట్టి ప్రపంచానికి చెప్పారు. పొడుగు మెడ, నాలుగు కాళ్ల శాకాహారి, డైనోసార్ల మూడు యుగాల్లో నడిమిదైన జురాసిక్ మొదటి భాగం నాటిది. మన పిల్లలకి చెప్పాల్సిన ముక్క ఏంటంటే ఇది ప్రాణహిత–గోదావరి లోయలో బతికిన జంతువు, ప్రాణహిత వచ్చి కాళేశ్వరం దగ్గర కలిసేది మన గోదాట్లోనే. పైన ఆ లోయని తడిపిన నీళ్లే కింద ధవళేశ్వరం తలుపుల్లోంచి మన కాలవల్లోకి వస్తున్నాయి అంటే పిల్లల మొహాలు చూడాలి.

దీంట్లో నాకు బాగా నచ్చేది ఎముకల సైజు కాదు, దాని వెనకున్న అతుకులు. ఆ అస్థిపంజరం ఒక్క జంతువుది కాదు, కనీసం పన్నెండు జంతువుల ఎముకలు దొరికితే వాటిలోంచి కూర్చి నిలబెట్టారు. పైగా తల దొరకలేదు, ఒకట్రెండు పళ్లు తప్ప. అంటే అక్కడ మనం చూసే తల ఊహించి చేసింది. వెళ్లేముందు క్లాసులో ఈ సంగతి చెప్పకుండా, "ఆ బొమ్మలో ఒక పెద్ద భాగం మనుషులు ఊహించి పెట్టారు, ఏదో కనిపెట్టి రండి" అని ఒక ప్రశ్న ఇచ్చి పంపండి, ఇక సెల్ఫీలు తగ్గిపోతాయి, దాని చుట్టూ తిరుగుతూ రంగు తేడా చూస్తారు, కుడికాలు ఎడమకాలు ఒకటే సైజా అని కొలుస్తారు, తలకాయా తోకా అని కొట్టుకుంటారు. ఊహ అంటే అబద్ధం కాదు, దగ్గరి బంధువుల తలలు చూసి వేసిన అంచనా అని తిరుగు ప్రయాణంలో చెప్పుకోవచ్చు.

మైనస్ కూడా చెప్పాలి. అది చూసేదే, ముట్టుకునేది కాదు. పిల్లలు మీటలు తిప్పి, బటన్లు నొక్కి చేసి చూసేవన్నీ సైన్స్ మ్యూజియం వైపు ఉంటాయి, అవి ఫిజిక్స్‌వి ఎక్కువ. ప్రయాణం చూస్తే కాకినాడ, రాజమండ్రి వాళ్లకి గౌతమి, భీమవరం వైపు వాళ్లకి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి, రాత్రి ఎక్కితే పొద్దున్నకి దిగుతారు, కానీ నిద్ర సరిగ్గా లేని ఐదో తరగతి పిల్లోడికి కోటాసారస్ అయినా ఒకటే, కోఠి బస్టాండ్ అయినా ఒకటే. నా సలహా ఏడో తరగతి దాటాకే. ఇంకో మాట, అదే రోజు రామోజీ ఫిలిం సిటీ కలపొద్దు. కలిపారా, ఇంటికొచ్చాక "ఏం చూశావురా" అంటే ఫిలిం సిటీ గురించే చెప్తాడు, మీ డైనోసార్ డబ్బులు పోయినట్టే. కలపాలనుకుంటే నెహ్రూ జూ కలపండి, అక్కడ మొసలిని చూపించి, నిప్పుకోడిని చూపించి, పొద్దున్న చూసిన ఎముకలకి వీళ్లలో ఎవరు దగ్గర చుట్టం అని అడగొచ్చు. చాలామంది మొసలి అంటారు. జవాబు నిప్పుకోడి.

కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బారాపాసారస్ అని ఇంకోటి ఉంది, అదీ మన ప్రాణహిత–గోదావరి లోయదే, గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు దొరికింది, 1975లో పేరు పెట్టారు. స్కూల్ ట్రిప్‌కి అది దూరాభారం. ఇంట్లోవాళ్లు కాశీ గయ యాత్రకి కలకత్తా మీదుగా వెళ్తుంటే మాత్రం, ముందుగా ఫోన్ చేసి అనుమతి అడిగి చూడండి.

తలకాయలు ఊపే డైనోసార్లు

ఎండాకాలం, సంక్రాంతి టైములో రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో ఎగ్జిబిషన్ గ్రౌండుల్లో పెడతారు చూడండి, రబ్బరు తోలు, లోపల మోటారు, స్పీకర్లో అరుపు, బయట మిరపకాయ బజ్జీ, జెయింట్ వీల్. నేను వీటిని తిట్టను. యూకేజీ, ఒకటి, రెండు తరగతుల పిల్లలకి "ఇంత పెద్దవి ఉండేవా" అన్న భయం, సరదా పుట్టించడానికి దీన్ని మించింది లేదు, గాజు వెనక ఎముక చూపిస్తే వాళ్లకి ఏం అర్థమవుద్ది.

పెద్ద పిల్లల్ని తీసుకెళ్తే మాత్రం తప్పులు పట్టే ఆట ఆడించండి. వీపు మీద పలకల వరస ఉండే స్టెగోసారస్, టీ రెక్స్ పక్కపక్కనే నిలబడి ఒకదాన్నొకటి చూసి అరుస్తుంటాయి. స్టెగోసారస్ సుమారు 15 కోట్ల ఏళ్ల కిందటిది, టీ రెక్స్ 6.8 నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. అంటే టీ రెక్స్ కాలానికి స్టెగోసారస్ ఎంత పాతదో, మనకి టీ రెక్స్ అంత పాతది కూడా కాదు. ఇక గుహ మనిషి బల్లెం పట్టుకుని డైనోసార్ మీదకి వెళ్లే బొమ్మ ఉంటే నేరుగా చెప్పేయండి, ఇది సినిమా అని. పిల్లల బుర్రలో గట్టిగా పాతుకుపోయే పొరపాటు ఇదొక్కటే, పదో తరగతి దాకా వదలదు.

రాజమండ్రి, విజయవాడ, వైజాగ్: క్లుప్తంగా

గోదావరి గట్టు దగ్గర రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం మంచిదే, శిల్పాలు, నాణేలు, తాళపత్రాలు అన్నీ చూడాల్సినవే, కానీ అది చరిత్ర, మన టాపిక్ కాదు. "పాతవి" అనగానే శాతవాహనుల నాణేన్నీ, డైనోసార్‌నీ ఒకే బుట్టలో వేసేస్తాం మనం. ధవళేశ్వరం కాటన్ మ్యూజియమూ అంతే, ఆనకట్ట కథకి వెళ్లండి. విజయవాడ బాపు మ్యూజియంలో ఆదిమానవుల రాతి పనిముట్లు ఉంటాయి, సోషల్ మాస్టారు, సైన్స్ మాస్టారు కలిసి వెళ్తే ఉపయోగం. బొమ్మూరులో రీజనల్ సైన్స్ సెంటర్ వచ్చింది, చేత్తో చేసి చూసే తరహా, దగ్గర కాబట్టి వెళ్లండి, వెళ్లే ముందు ఆ రోజు ఏ గ్యాలరీ తెరిచుంటుందో, వర్క్‌షాప్ ఏమైనా పెడతారా అని అడగండి. వైజాగ్ వెళ్లేవాళ్లు భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు కలుపుకోండి, డైనోసార్లు లేవు గానీ మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గిన రోజుల కథ ఆ ఇసకలో ఉంది, పిల్లలు నేల మీద కూర్చుని చూడొచ్చు. మట్టి సంచుల్లో వేసుకు రావద్దు, అది జాతీయ భూవారసత్వ స్థలం.

స్కూల్లోనే చేసేవి: నా ఓటు దీనికే

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే.

ముందు ఆన్‌లైన్‌లో అమ్మే తవ్వకం కిట్ల సంగతి. ప్లాస్టర్ ఇటుక, చిన్న ఉలి, బ్రష్షు, లోపల ప్లాస్టిక్ డైనోసార్. పిల్లలు గంటసేపు కొట్టి కొట్టి బయటికి తీస్తారు, ఇల్లంతా తెల్ల దుమ్ము, తర్వాత ఆ బొమ్మ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. నాకు దుమ్ముతో పేచీ లేదు, అందులో ప్రతిసారీ ఎముకలన్నీ చక్కగా అతుక్కుని, వరసగా, పూర్తిగా దొరకడంతోనే పేచీ. నిజం తవ్వకంలో అలా దొరకదు, మన కోటాసారసే సాక్ష్యం. ఒక్క పిల్లోడు ఇంట్లో ఆడుకోవడానికి కొనండి, క్లాసుకి మాత్రం వద్దు.

దాని బదులు పాత ప్లాస్టిక్ టబ్బుల్లో ఇసక నింపండి. (గోదావరి జిల్లాలో ఉండి ఇసకకి ఇబ్బందేంటి అనుకుంటారు, పడతాం, అది వేరే కథ.) పైన పురికొసతో గళ్లు కట్టండి, కోడి ఎముకలు చెల్లాచెదురుగా, కొన్ని కావాలనే లేకుండా పాతిపెట్టండి. ఒక్కో గడి ఒక్కో జట్టుకి, పెయింటు బ్రష్షుతో తప్ప చెంచాతో తవ్వకూడదు, ఎముక కనపడగానే తీయకూడదు, ముందు కాగితం మీద అదే గడిలో గీయాలి, ఆ తర్వాతే చెయ్యి. చివర్లో అన్ని గళ్ల కాగితాలు కలిపి అంటిస్తే జంతువు పడుకున్న తీరు బయటికొస్తుంది. ఇందులో పిల్లలు నేర్చుకునేది ఓపిక, రికార్డు రాయడం, "లేదు" అని ఒప్పుకోవడం. తవ్వేసి బయట కుప్ప పోసే జట్టు ఒకటి ఎప్పుడూ ఉంటుంది, వాళ్ల దగ్గర ఎముకలుంటాయి గానీ కథ ఉండదు, తేడా అందరికీ అక్కడే కనపడుద్ది.

ఎముకలు శుభ్రం చేసే పద్ధతి చెప్తా. బాగా ఉడకబెట్టి, మాంసం పాత టూత్‌బ్రష్‌తో గీకేసి, సబ్బు నీళ్లలో ఒక రాత్రి ఉంచి, ఆ తర్వాత మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచితే తెల్లగా వస్తాయి. బ్లీచింగ్ పౌడర్ వాడొద్దు, ఎముక పెళుసైపోద్ది. మెడ కింద ఛాతీ దగ్గర రెండు కొమ్మలుగా చీలిన సన్న ఎముక ఉంటుంది, అది పారేయకుండా దాచండి, ముఖ్యమైనది అదే. అలాంటిదే టీ రెక్స్‌కీ ఉంది. లోపల బోలుగా ఉండే ఎముకలు, పాదంలో ముందుకి తిరిగిన మూడు వేళ్లు, కాళ్ల మీద పొలుసులు, పక్షులు డైనోసార్ల వంశమే అని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి. భీమవరం పిల్లలకైతే నేను చెప్పక్కర్లేదు, సంక్రాంతి బరిలో పందెంకోడి కాళ్లు దగ్గర్నుంచి చూసినవాళ్లే అందరూ. మాంసం ముట్టని ఇళ్ల పిల్లలుంటే వాళ్లని బలవంతపెట్టొద్దు, గుల్లల పని ఇవ్వండి.

గుల్లల పని అంటే అచ్చులు. బంకమట్టి మన దగ్గర కొనే పనే లేదు, వినాయక చవితికి తెచ్చే మట్టే. అందులో ఆల్చిప్పో, నత్తగుల్లో నొక్కి తీసేస్తే గుంట పడుద్ది, ఆ గుంటలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయాలి, రెండు పాళ్లు పొడి, ఒక పాలు నీళ్లు, దోసెల పిండిలా జారాలి. అరగంట ఆగి తీస్తే గుల్ల రూపం వచ్చేస్తుంది, అసలు గుల్ల లేకుండానే. శిలాజాల్లో చాలావాటి రహస్యం ఇదే అని ఇక మీరు వివరించక్కర్లేదు. కాలవలు కట్టేసిన ఎండాకాలం రోజుల్లో అయితే ఇంకా బాగుంటుంది, అడుగు బురద మీద కొంగ పాదాలు, కుక్క పాదాలు అచ్చు గుద్దినట్టు ఉంటాయి, చుట్టూ ప్లాస్టిక్ డబ్బా కోసిన రింగు గుచ్చి, ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక మెల్లగా ఎత్తండి. రెండు అడుగుల మధ్య దూరం కొలిపించండి, పరిగెత్తిందా నడిచిందా అని అడగండి. నీళ్లు వదిలే రోజు కనుక్కుని వెళ్లండి, గట్టు వాలు చూసుకోండి, పెద్దవాళ్లు ఇద్దరుండాలి.

జాగ్రత్త ఒకటి గట్టిగా చెప్తున్నా. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది. పిల్లల చేతి అచ్చు తీద్దాం అని చెయ్యి నేరుగా ప్లాస్టర్‌లో ముంచనివ్వొద్దు, కాలిపోద్ది, వేళ్లు పోయిన కేసులున్నాయి. చెయ్యి మట్టిలో నొక్కాలి, ప్లాస్టర్ ఆ గుంటలో పోయాలి. పొడి కలిపేటప్పుడు మాస్కు, మిగిలింది సింకులో పోయొద్దు, పైపు పూడిపోద్ది.

మీ స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు పరికరాలు చేసి చూసుకోడానికి ప్రభుత్వం పెట్టించిన గది) ఉంటే ఇంకో మంచి అవకాశం ఉంది, చాలాచోట్ల త్రీడీ ప్రింటర్ కవరు కప్పుకుని కూర్చుని ఉంటుంది. అమెరికా స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్లు ఎముకల, పుర్రెల త్రీడీ ఫైళ్లు ఉచితంగా పెట్టారు, ఆఫ్రికన్ ఫాసిల్స్ అనే సైట్‌లో తుర్కానా సరస్సు దగ్గర దొరికిన ఆదిమానవుల పుర్రెలున్నాయి. చిన్న సైజులో ప్రింట్ తీసి పిల్లల చేతుల్లో పెడితే, కనుబొమల ఎముక ఎక్కడ పొడుచుకొచ్చింది, దవడ ఎంత వెనక్కి పోయింది అని వేలితో తడిమి చూస్తారు. మ్యూజియంలో గాజు అడ్డు, ఇక్కడ లేదు. ప్రింటు నత్తనడకే, ఒక పుర్రెకి పూటలు పూటలు పడుద్ది, కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది, ముందు రోజు నుంచే మొదలెట్టండి.

తాడు ఆట ఎలాగూ చేయించాలి. అంబాజీపేట పీచుతాడు 46 మీటర్లు, గ్రౌండులో ఈ చివర నుంచి ఆ చివరకి. భూమి వయసు 460 కోట్ల ఏళ్లు కాబట్టి మీటరుకి పది కోట్ల ఏళ్లు, సెంటీమీటరుకి పది లక్షలు. ఈ చివర మనం. ఇక్కణ్ణుంచి వెనక్కి 66 సెంటీమీటర్ల దగ్గర డైనోసార్ల అంతం, అదే పంగిడి లావా, అక్కడ కంకర రాయి కట్టండి. రెండు మీటర్లకి కొంచెం ఇటు కోటాసారస్, 2.3 మీటర్ల దగ్గర మొదటి డైనోసార్లు, 3.75 దగ్గర చేపలు గట్టెక్కిన కాలం. జీవం మొదలైన గుర్తు కోసం ఒక పిల్లోడు 35 మీటర్లు పరిగెత్తాలి. మనిషి? 3 మిల్లీమీటర్లు. ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు, "మాస్టారూ, మరి మన ఊరు ఎక్కడండి?" అని. మన డెల్టా వయసు ఆ తాడు మీద గీత గీయడానికి కూడా చాలదు, మిల్లీమీటరులో పదో వంతు కూడా రాదు.

ఇంకోటి, కోనసీమలో చాలా ఇళ్ల పూజగదుల్లో శిలాజం ఉంది. సాలగ్రామం. నేపాల్ గండకీ నదిలో దొరికే ఆ చక్రాల రాళ్లు ఎక్కువగా అమ్మొనైట్ల శిలాజాలే, డైనోసార్ల కాలం నాటి సముద్ర జీవులు, హిమాలయాలు లేనప్పుడు అక్కడున్న సముద్రంలోవి. దీన్ని క్లాసులో చెప్పండి, కానీ తెమ్మని మాత్రం అడగొద్దు, "మడి లేకుండా ముట్టుకున్నావా" అని బామ్మగారు స్కూల్‌కే వస్తారు. ఇంటికెళ్లి బామ్మని అడిగి దూరం నుంచి చక్రం చూసి బొమ్మ గీసుకు రమ్మనండి, సరిపోద్ది. దైవం అనుకునేవాళ్లకి దైవమే, పిల్లోడికి రెండు సంగతులూ తెలిస్తే నష్టమేం లేదు.

కోరంగి

కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవుల్ని మ్యూజియం కింద ఎవరూ లెక్క వేయరు, నేను వేస్తా. నీళ్లు తీసిన టైములో చెక్క వంతెన మీద నిలబడితే కింద బురదలో మడ్‌స్కిప్పర్లు కనపడతాయి, చేప, కానీ రెక్కల మీద ఆనుకుని నడుస్తుంది, గెంతుతుంది, తేమ ఉన్నంతసేపూ చర్మంతో గాలి పీలుస్తుంది. 37.5 కోట్ల ఏళ్ల నాటి టిక్టాలిక్ అనే చేప శిలాజం 2004లో కెనడా ఉత్తరాన దొరికింది, దాని రెక్కల్లో మోచెయ్యి, మణికట్టు లాంటి ఎముకలున్నాయి. ఆ బొమ్మ ప్రింట్ తీసి పిల్లల చేతికిచ్చి ఈ మడ్‌స్కిప్పర్‌ని చూడమనండి. ఇది దాని మనవడు కాదు, వేరే వంశం, అదే బురదలో అదే ఇబ్బంది వచ్చి అలాంటి ఉపాయమే కనిపెట్టుకుంది అని తప్పకుండా చెప్పండి. వచ్చేటప్పుడు తీరం దగ్గర గుప్పెడు ఇసక తెచ్చి స్కూల్ మైక్రోస్కోప్ కింద వెతికిస్తే, అదృష్టం బాగుంటే ఫొరామినిఫెరా పెంకులు దొరుకుతాయి, పంగిడి సున్నపురాయిలో ఉన్నవాళ్ల చుట్టాలు, ఈరోజువి.

సరే, ఏది ఎంచుకోవాలి

రెండో తరగతి లోపు: ఎగ్జిబిషన్ డైనోసార్లు, ఇంటి దగ్గర మట్టి అచ్చులు, చాలు. మూడు నుంచి ఐదు: కొంగ పాదాలు, గుల్లలు, కోరంగి. ఆరు, ఏడు: ఇసక టబ్బులు, తాడు, త్రీడీ పుర్రె, ఓఎన్‌జీసీ బాబాయి. ఎనిమిది, తొమ్మిది: ఇవన్నీ అయ్యాక హైదరాబాద్. పదో తరగతిని వదిలేయండి, వాళ్ల తల్లిదండ్రులు ఒప్పుకోరు.

డబ్బులు ఒక్కదానికే ఉంటే నా మాట వినండి, హైదరాబాద్ ఈ ఏడాది ఆపి, ఆ డబ్బులో కొంచెంతో బ్రష్షులు, టబ్బులు, ప్లాస్టర్, భూతద్దాలు కొనండి, అవి ఏళ్ల తరబడి వస్తాయి, స్కూల్లో అందరూ వాడతారు. హైదరాబాద్‌కి డబ్బు కట్టగలిగినవాళ్లే వెళ్తారు, కట్టలేని పిల్లలు ఆ రోజు స్కూల్లో ఖాళీగా కూర్చుంటారు, ఇది నాకు అస్సలు నచ్చని సంగతి. బస్సు పెట్టే స్తోమత లేని స్కూల్ అయితే ఇంకో పని చేయండి, నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సైన్స్ మ్యూజియమ్స్ వాళ్లకి ఊళ్లకి తిరిగే మ్యూజియం బస్సులు ఉన్నాయి, 1965లోనే మొదలైన పని ఇది, హెడ్మాస్టర్ గారి చేత ఒక లెటర్ రాయించండి.

వెళ్లడమే ఖాయమైతే రెండు పనులు. నెల ముందు స్కూల్ లెటర్‌హెడ్ మీద పిల్లల సంఖ్య రాసి మ్యూజియంకి పంపి, గ్రూపు రాయితీ ఉందా, సెలవు రోజు ఏది, ప్లానెటేరియంలో తెలుగు షో ఎన్నింటికి అని ఫోన్‌లో కనుక్కోండి. ఇక వెళ్లే ముందు వారం తాడు ఆట ఆడించి తీసుకెళ్లండి, ఆ తాడులో చివరి మూడు మీటర్ల ముక్క చుట్టి బ్యాగులో పెట్టుకెళ్తే కోటాసారస్ ముందు పరిచి చూపించొచ్చు, గార్డు ఏమంటాడో ముందే అడిగి.